సాయంత్రం ఆరింటికి కర్పూరం మీద ప్రమాణం

పేరు, ఊరు వద్దని ఉత్తరం మొదట్లోనూ చివర్లోనూ రాసిన ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం. ఆవిడకు 72, ఆయనకు 79. పెళ్లి 1974లో. ఆయన ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూలులో తెలుగు చెప్పారు. కొడుకు బెంగళూరులో, కూతురు హైదరాబాదులో.

నాలుగు అరఠావుల ఉత్తరం సారాంశం చెబుతాను. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు. పేపరు బిల్లు ఒకే నెలలో రెండుసార్లు కట్టారు. పెన్షనర్ల సంఘం నుంచి ఇంటికి వస్తూ దారి తప్పి మార్కెట్టు వైపు వెళ్లిపోయారు. వాటితో ఆవిడ సర్దుకున్నారు. ఈ ఏడాది ఉగాది దాటాక అనుమానం మొదలైంది. అదీ ఆవిడ మీద. సింకులో కాఫీ గ్లాసులు లెక్కపెడతారు. రెండు ఉండాల్సిన చోట మూడు కనపడితే “ఎవరొచ్చారు?” అంటారు. మూడోది ఆయన మాత్రలు వేసుకున్న గ్లాసే. పెరటి తలుపు గడియకు నల్ల దారం కట్టి, మధ్యాహ్నం నిద్ర లేవగానే అది తెగిందేమో చూసుకుంటారు. కరెంటు మీటరు చూసే కుర్రాడు వస్తే ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి వెళ్లాడో డైరీలో రాస్తారు. చీకటి పడే వేళకు ఇదంతా ముదురుతుంది. దేవుడి గూటి ముందు కర్పూరం వెలిగించి, ఏ తప్పూ చేయలేదని ప్రమాణం చేయమంటారు. ఆవిడ చేస్తారు. ఓ గంట శాంతిస్తారు. మర్నాడు ఆరింటికి మళ్లీ కర్పూరం.

ఆయన నోట వచ్చే పేరు కొత్తది కాదు. 1983 వర్షాకాలంలో ఒక సాయంత్రం బస్సు రాకపోతే, తోటి లెక్కల మాస్టారు ఆవిడను స్కూటరు మీద తెచ్చి ఇంటి దగ్గర దించారు. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు. ఆ తరువాత ఎనిమిది నెలలు ఆవిడతో మాట్లాడలేదు. కూరలో ఉప్పు తక్కువైతే పిల్లవాడితో చెప్పించేవారు. ఒకనాడు మళ్లీ మామూలుగా మాట్లాడారు. ఎందుకు మానేశారో, ఎందుకు మొదలుపెట్టారో ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. ఆ మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. “పోయిన మనిషి రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్తున్నాడట” అని రాశారావిడ.

కొడుకు, “బయటకు పొక్కనివ్వకు, నాన్న పరువు” అంటాడు. కూతురు, “నువ్వు నా దగ్గరకు వచ్చెయ్, ఆయన్ను ఏదైనా హోములో చేరుద్దాం” అంటుంది. కోడలు, నిద్రమాత్ర పొడి చేసి మజ్జిగలో కలిపెయ్యమంటుంది. పోయిన నెల ఆయన చేతికర్ర ఎత్తారు. దెబ్బ గుమ్మానికి తగిలింది. ఆవిడ పెన్షన్ ఏటీఎం కార్డు ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది.

చివర్లో రెండుసార్లు కింద గీత గీసిన ప్రశ్న ఇది: “ఈ మాటలు జబ్బు ఆయన చేత పలికిస్తున్నవా, లేక యాభై ఏళ్లుగా ఆయన మనసులో ఉన్నవేనా? మనసులోవే అయితే నేను ఇంతకాలం ఎవరితో కాపురం చేసినట్టు?”

అమ్మా,

మీరు గీత గీసిన ప్రశ్న దగ్గరకు తప్పకుండా వస్తాను. దానికన్నా ముందు మీరు గీత గీయని వాక్యం ఒకటి మూడో పేజీ అడుగున ఉంది. సంక్రాంతికి చేతి వణుకు ఎక్కువైందని డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచారనీ, వణుకు కాస్త తగ్గిందనీ రాశారు. ఉత్తరం మొత్తంలో అదొక్కటే శుభవార్త అన్నట్టు రాశారు. వరుస ఒకసారి చూడండి. సంక్రాంతికి మోతాదు పెరిగింది. ఉగాదికి అనుమానం మొదలైంది.

నేను డాక్టరును కాను. మందే కారణమని తేల్చను. కానీ ఇది డాక్టరును అడిగి తీరవలసిన సంగతి. పార్కిన్సన్స్ వణుకుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో కొందరికి లేని మనుషులు కనపడటం, కట్టుకున్న మనిషి మీదే గట్టి అనుమానం పుట్టడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. వణుకుకు మన దగ్గర తరచుగా రాసే ట్రైహెక్సిఫెనిడిల్ అనే ఇంకో మందు పెద్ద వయసువారిలో మతిమరుపును, తికమకను పెంచుతుంది. జలుబుకని దుకాణంలో అడిగి కొనుక్కునే కొన్ని మాత్రలూ అంతే. మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నా, బి12 విటమిను తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా ముసలితనంలో మనిషి తీరు మారవచ్చు. ఇవన్నీ పరీక్షలకు దొరికేవి, చాలావరకు సరిదిద్దగలిగినవి.

ఇంకొకటి. సాయంత్రాలు ప్రహరీ గోడ మీద చిన్నపిల్లలు కూర్చున్నారని ఆయన చూపిస్తారన్నారు. ఒకరోజు పేపరు సంపాదకీయం మీద వాదిస్తారు, మరునాడు చొక్కా గుండీలు పెట్టుకోలేరన్నారు. వణుకు, లేనివారు కనపడటం, రోజుకో తీరుగా ఉండే తెలివి, ఈ మూడూ కలిస్తే లూయీ బాడీ అనే రకం డిమెన్షియా, అంటే మెదడు మెల్లగా దెబ్బతిని మతి తప్పే జబ్బు, ఉందేమోనని న్యూరాలజిస్టులు చూస్తారు. అదే అయితే కోడలి మజ్జిగ సలహా చాలా ప్రమాదం. అలాంటివారికి, మనిషిని నెమ్మదింపజేయడానికని ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు పడితే శరీరం కొయ్యబారిపోవచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. నిద్రమాత్ర మత్తులో రాత్రి బాత్రూముకు లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆపైన ఒక పూట మజ్జిగ రుచి మారిందని ఆయన పసిగట్టారనుకోండి. లేనిదాన్ని అనుమానిస్తున్న మనిషికి ఉన్నదాన్ని మనమే చేతికిచ్చినట్టవుతుంది. ఆ అమ్మాయికి చెడు ఉద్దేశం ఉందనను. దూరం నుంచి ఫోనులో సలహా చెప్పడం తేలిక, అంతే.

అలాగని ఇప్పుడు వాడుతున్న వణుకు మందును మీరే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే అది మరో ప్రమాదం. తగ్గించాలో మార్చాలో డాక్టరే చెప్పాలి.

ఆయనను తీసుకెళ్లడం ఎలా అన్నారు. అనుమానానికి వైద్యమంటే రారు. వణుకుకంటే వస్తారు, ఇంతకుముందూ వచ్చారు. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, జలుబువి కూడా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. ఆయన ముందు మీరు నోరు విప్పలేరు కాబట్టి కాఫీ గ్లాసులు, దారం, గోడ మీద పిల్లలు, కర్ర, వీటి గురించి ఒక కాగితం మీద రాసి లోపలికి వెళ్లకముందే డాక్టరుకు అందేలా చూడండి. మోతాదు పెంచిన తారీఖు, అనుమానం మొదలైన నెల అందులో పక్కపక్కనే రాయండి.

ఇక ఆరింటి ప్రమాణం. చేయమనీ అనను, మానమనీ అనను. దేనికి ఏమవుతుందో చెబుతాను. చేస్తూ పోతే ఓ గంట నెమ్మది దొరుకుతుంది. కానీ విచారించవలసిన నేరం ఒకటి ఉందని ఆయన మనసుకు రోజూ గుర్తుచేసినట్టూ అవుతుంది. అదీ కాక, 72 ఏళ్ల వయసులో చేయని తప్పుకు రోజూ చెయ్యి చాపడం మీకు ఏం చేస్తోందో మీ ఉత్తరమే చెబుతోంది. కర్పూరం వాసనకే కడుపులో తిప్పుతోందని రాశారు. పోనీ, ఒక రోజు గట్టిగా “చేయను” అంటే గాలివాన లేస్తుంది. ఇంట్లో మీరిద్దరే ఉండగా, ఆయన చేతిలో కర్ర ఉండగా ఆ పని మాత్రం చేయకండి.

ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది, అది ఆరింటికి కాదు, ఐదింటికే మొదలవుతుంది. చీకటి పడకముందే ఇంట్లో దీపాలన్నీ వేసేయండి. మసక వెలుతురులో తలుపు వెనక తగిలించిన చొక్కా కూడా మనిషిలా కనపడుతుంది, ఆ చొక్కాలు తీసేయండి. ఐదున్నరకు ఆయనకు ఇష్టమైనవారెవరైనా వచ్చి కూర్చునేలా చూడండి. పెన్షనర్ల సంఘం స్నేహితుల్లో ఆయనతో చీట్లపేక ఆడే ఒకరి గురించి రాశారుగా, ఆయనను అడగండి. ఆరింటికి కర్పూరం వెలిగించవలసిందే అంటే వెలిగించనివ్వండి. హారతి పళ్లెం ఆయన చేతికే ఇచ్చి మీరు గంట వాయించండి. కర్పూరం ఉంటుంది, ప్రమాణం ఉండదు. ఒకరోజు సాగుతుంది, ఒకరోజు సాగదు. సాగని రోజున ప్రమాణం చేసేస్తే మీరేమీ ఓడిపోయినట్టు కాదు.

“ఎవరొచ్చారు?” అన్నప్పుడు “ఎవరూ రాలేదు, కావాలంటే పనమ్మాయిని అడగండి” అంటూ సాక్ష్యాల్లోకి దిగకండి. సాక్ష్యం చూపిస్తే ఒప్పుకునే అనుమానం కాదది. అడిగేది గ్లాసు గురించి, అడుగున ఉన్నది భయం. ఆయన చెయ్యి చెంచా పట్టుకోలేకపోతోంది. మీరు మాత్రం ఇప్పటికీ బజారుకు నడిచి వెళ్తున్నారు, పాత విద్యార్థులు ఇంటికొచ్చి మీ కాళ్లకు దండం పెడుతున్నారు. ఈవిడ లేకపోతే నా గతేమిటన్న భయం అనుమానం వేషంలో బయటకు రావడం ఈ వయసులో అరుదు కాదు. “నేను ఎక్కడికీ వెళ్లను, ఇక్కడే ఉన్నాను” అనే మాట “ఎవరూ రాలేదు” కన్నా కొన్నిసార్లు బాగా పనిచేస్తుంది. అన్నిసార్లూ కాదు. మాత్రలకు వాడే గ్లాసును మంచం పక్కనే ఉంచేయండి, సింకు దాకా రానివ్వద్దు. దారం సంగతి పట్టించుకోకండి. డైరీ కూడా రాసుకోనివ్వండి. జీవితమంతా కాలువల్లో నీటి మట్టాలు రాసిన మనిషి, రాతలో కాస్త ఊరట ఉంటుంది. ఏ గంటకు ఆయన మనసు చెదురుతోందో డాక్టరుకు ఆ డైరీయే చెబుతుంది.

మీ ప్రశ్న దగ్గరకు వచ్చాం.

జబ్బు కొత్త సామాను కొనుక్కురాదు, ఇంట్లో అటక మీద ఉన్నదాన్నే దించుతుంది. ఆ మాస్టారి పేరు అటక మీద ఉంది, నిజం. దాన్ని అక్కడ పెట్టింది జబ్బు కాదు, మీ ఆయన. 1983లో ఆయనకు ఏ మతిమరుపూ లేదు. భార్య మీద అనుమానం వచ్చి, ఆ మాట అడిగే ధైర్యం లేక, ఎనిమిది నెలలు మౌనంతో శిక్షించారు. పక్కన పడుకున్న మనిషితో కొడుకు ద్వారా ఉప్పు సంగతి చెప్పించడం క్రూరత్వం. దాన్ని ఈనాటి జబ్బు ఖాతాలో వేసి తుడిచేయమని మీకు చెప్పను.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, మీరు దాన్ని గబగబా దాటేశారు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషను వస్తే దూరమని వదులుకున్నానన్నారు. ఆ ఊరు బస్సులో అరగంట అని అదే పేజీలో ఉంది. అరగంట దూరానికి ప్రమోషను ఎవరూ వదులుకోరమ్మా. సాయంత్రం బస్సు రాకపోతే ఏమవుతుందోనన్న భయానికి వదులుకున్నారు. ఆ ఎనిమిది నెలల ఖరీదు ఎనిమిది నెలలతో ఆగలేదు. మీ కోపం ఉగాది తరువాత పుట్టింది కాదు. దాని వయసు నలభై ఏళ్ల పైమాటే. ఇన్నాళ్లూ పిల్లలు, బడి, పండగలు, పెళ్లిళ్ల మధ్య దానికి చోటు దొరకలేదు. ఇప్పుడు ఆయనే ఆ పేరెత్తి దానికి తలుపు తీశారు. తీరా బయటకు వచ్చి చూస్తే జవాబు చెప్పవలసిన మనిషి సగం లేరు. మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది ఇదేనని నాకు అనిపిస్తోంది. కాఫీ గ్లాసులతో అంత పని లేదు.

అయితే ఇప్పుడు ఆయన అంటున్నది యాభై ఏళ్లు దాచిన నిజం బయటపడటమేనా? కాదు. జబ్బు మనిషిలో మనసు విప్పి నిజం మాట్లాడుతుందని చాలామంది నమ్ముతారు, తాగినవాడి మాట విషయంలో నమ్మినట్టే. చచ్చిపోయిన మాస్టారు మధ్యాహ్నం వచ్చి కాఫీ తాగుతున్నాడని నమ్మడం ఏ మనసులోనూ దాగి ఉన్న నిజం కాదు. జ్ఞాపకం, కాలం, కల కలగాపులగమైన మెదడు పని అది. అప్పటి అనుమానం ఆయనది. ఇప్పటి నమ్మకం జబ్బుది. రెంటికీ ఒకే పేరు ఉండటం వల్ల ఒకటే అనిపిస్తున్నాయి.

ఎవరితో కాపురం చేశానని అడిగారు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు పడి రోడ్లు మూసుకుపోతే, సైకిలు భుజాన వేసుకుని ఆ మానులు దాటుకుంటూ మీ బడి ఉన్న ఊరి దాకా నడిచొచ్చారని మీరే రాశారు. మిమ్మల్ని చూశాక ఒక్క మాట కూడా అనకుండా కూలబడ్డారని కూడా. మౌనంతో శిక్షించినదీ, ఆ దారిలో నడిచొచ్చినదీ ఒక్క మనిషే. ఒకటి అసలు, మరొకటి నటన అని తేల్చాలని చూస్తే తేలదు. నేను తేల్చలేను, మీరూ తేల్చనక్కర్లేదు.

పిల్లల సలహాల సంగతి. మీ అబ్బాయికి చెప్పండి, ఇది పరువు సంగతి కాదని. మన దేశంలో 60 దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. మీ వీధిలోనూ ఇంకో ఇంట్లో ఉండే ఉంటుంది, వాళ్లూ పరువని తలుపులు వేసుకుని కూర్చుని ఉంటారు. దాచిపెడితే నష్టం మీకే. రాత్రి కేక వేస్తే వచ్చే పక్కింటివారికి సంగతి తెలిసి ఉండాలి.

అమ్మాయి మాట పూర్తిగా కొట్టిపారేయను. ఇద్దరూ హైదరాబాదు వెళ్తే మంచి న్యూరాలజిస్టు, మీకు తోడు దొరుకుతాయి. కానీ కొత్త ఇంట్లో ఆయన తికమక పెరుగుతుంది, అర్ధరాత్రి బాత్రూము దొరకదు, అనుమానం అల్లుడి మీదకు మళ్లినా ఆశ్చర్యం లేదు. ఇక్కడే ఉండి సహాయకుణ్ణి పెట్టుకుంటే ఆయనకు అలవాటైన గోడలుంటాయి, మీకు నడుం వాల్చే వేళ దొరుకుతుంది. అయితే ఇంట్లోకి పరాయి మగవాడు వచ్చాడంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. వస్తే అబ్బాయి వెంటబెట్టుకుని తేవాలి, “నాన్నా, ఇతను నీ కోసం” అని ఆయనకే అప్పజెప్పాలి, స్నానం వేళకు వచ్చి వెళ్లిపోవాలి. హోము అంటే పాపమేమీ కాదు. కొన్నిచోట్ల ఇలాంటి జబ్బును తెలిసి చూసుకునేవారున్నారు, కొన్నిచోట్ల మత్తులో పడుకోబెట్టేవారూ ఉన్నారు. అవసరం నెత్తిన పడకముందే అమ్మాయి ఒకటి రెండు చోట్లకు స్వయంగా వెళ్లి, రాత్రిపూట ఎవరుంటారో, కోపం వచ్చినవారిని ఎలా సముదాయిస్తారో కనుక్కుని రావాలి.

నన్నడిగితే ముందుగా చేయవలసింది వీటిలో ఏదీ కాదు. పరువు గురించి బెంగపడే అబ్బాయి రెండు వారాలు వచ్చి మీ ఇంట్లో ఉండాలి, కంప్యూటరు పని అక్కడి నుంచే చేసుకుంటాడు. మీరు ఆ రెండు వారాలు కూతురింటికి వెళ్లి నిద్రపోవాలి. సాయంత్రం ఆరింటికి ఏమవుతుందో అతను కళ్లారా చూశాక ఫోనులో సలహాల తీరు మారుతుంది. కూతురింట్లో కొన్నాళ్లు ఉన్నంత మాత్రాన భార్యగా మీ హక్కులేవీ పోవు. ఆయనను వదిలేసినట్టూ కాదు.

కర్ర గురించి ఒక పేరాలో తేల్చేశారు. మళ్లీ ఎత్తితే వాదించకుండా ఆ గదిలోంచి బయటకు వచ్చేయండి. ఆయనకూ తలుపుకూ మధ్య నిలబడకండి. లోపల గడియ ఉన్న గది ఒకటి మీకు ఉండాలి, ఫోను మీ దగ్గరే ఉండాలి. కత్తిపీట రాత్రిపూట బీరువాలో పెట్టండి. అత్యవసరమైతే 112. వయోవృద్ధుల సహాయానికి 14567, మనసు బరువెక్కినప్పుడు టెలీమానస్ 14416, రెండూ తెలుగులో మాట్లాడతాయి. జబ్బు మనిషి మీద కేసేమిటని మీరు అనుకుంటారు, నాకు తెలుసు. అయినా 2005 నాటి గృహహింస చట్టం భార్య వయసు ఎంతని అడగదని మాత్రం తెలిసి ఉండండి.

ఏటీఎం కార్డు కోసం దిండు దగ్గర పోరాటం వద్దు. మీ పెన్షన్ మీది. బ్యాంకుకు వెళ్లి ఆ కార్డు ఆపించి కొత్తది తీసుకోండి, పాతది దిండు కిందే ఉండనివ్వండి. ఇది మోసం కాదా అంటారేమో. మోసమే, చిన్నది.

చివరగా, ఉత్తరం అంచున పెన్సిలుతో రాసి సగం చెరిపిన వాక్యం. “అప్పుడు నీదే తప్పు అని ఇప్పుడైనా ఆయన చేత అనిపించవచ్చా?”

మందుల సంగతి తేలేదాకా ఆగండి. తేలాక, ఆయన తెలివిగా ఉండే పొద్దుటిపూట, కాఫీ అయ్యాక అడగవచ్చు. ప్రశ్నలా కాకుండా చెప్పండి: “ఆ ఎనిమిది నెలలు నాకు చాలా కష్టమైంది.” ఆయన తల దించుకోవచ్చు. గుర్తులేదనవచ్చు. ఆ మాస్టారి పేరు మళ్లీ ఎత్తి ఆ రోజంతా పాడు చేయవచ్చు కూడా. ఒకవేళ తప్పు నాదే అన్నా, ఆ మాట సాయంత్రం దాకా ఆయన దగ్గర నిలవకపోవచ్చు, ఆరింటికి మళ్లీ కర్పూరం వెలగవచ్చు. ఒక్కసారి విన్నది మీ వరకు చాలనుకుంటే అడగండి. ఆయన గుర్తుపెట్టుకోవాలని ఉంటే మాత్రం అడగకండి, ఈ మాటలన్నీ అమ్మాయికి చెప్పండి. ప్రమోషను ఎందుకు వదులుకున్నారో ఆ పిల్లకు ఈనాటికీ తెలియదు.